వీపు మీద కరగని మంచు

పసిపిల్ల నోట్లో మొదటి పన్ను ఎవరి కంట పడితే వాళ్ళు ఆ పిల్లకు ఒక ఆడ రెయిన్‌డీర్‌ను ఇవ్వాలి. ఉత్తరాది మంచునేలలో రెయిన్‌డీర్ జింకల మందలు కాసుకు బతికే మా వాళ్ళ పద్ధతి ఇది. ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడికి బోలెడు జింకలుండి ఉంటాయి. ఆ ఇచ్చినదాన్ని పంటిజింక అంటాం. అదీ, దానికి పుట్టేవీ, వాటికి పుట్టేవీ అన్నీ ఆ బిడ్డవే. పిల్ల పెళ్ళీడుకొచ్చేసరికి సొంత మంద తయారవుతుంది. అందుకే పళ్ళు రాని పిల్ల ఉన్న ఇంటికి చూడ్డానికి వచ్చే చుట్టాలు బుగ్గలు చూస్తారు, జుట్టు చూస్తారు, నోరు మాత్రం చూడరు. పిల్ల ఆవలిస్తే చటుక్కున కిటికీ వైపు తిరిగి వాతావరణం గురించి మాట్లాడతారు.

ఈ విద్యలో మా తమ్ముడు ఈసాత్‌ను మించినవాడు లేడు. వాడు ఎంగిలి చేత్తో కాకిని తోలడు. ఎన్ని జింకలున్నాయని అడగడం మాలో మర్యాద కాదు కాబట్టి ఎవరూ అడగరు. కానీ వాడి మంద గుట్ట దాటడం మొదలుపెట్టాక మనం కాఫీ కాచుకుని, తాగి, గిన్నె కడుక్కుని వచ్చినా ఇంకా దాటుతూనే ఉంటుంది. అంత ఉండీ, నా కొడుకు నీలాస్ పసివాడుగా ఉన్నప్పుడు పళ్ళన్నీ వచ్చేదాకా మా గడప తొక్కలేదు మేనమామగారు.

నీలాస్ కూతురు, నా మనవరాలు మారెత్ వంతు వచ్చేసరికి వాడికి అదృష్టం కలిసొచ్చింది. వేసవి మొదట్లోనే కాలు విరగ్గొట్టుకుని ఊళ్ళో ఆస్పత్రి పాలయ్యాడు. మేమంతా మందలతో సముద్రం ఒడ్డున వేసవి మేతకు వెళ్ళిపోయాం. వాడు కర్ర పట్టుకుని మళ్ళీ మా కంటబడే వేళకు చెట్ల ఆకులు పండిపోయాయి, మారెత్‌కు పైనా కిందా పళ్ళు వచ్చేశాయి.

"అయ్యయ్యో, నేను లేకపోతినే" అన్నాడు. ఎంత బాధపడిపోయాడో ఆ మొహం చూస్తేనే తెలిసింది!

పన్ను చూసింది నేనే. చూశాననకూడదు, వెతికి పట్టుకున్నాను. నా మనవరాలికి ఎవరో ఒకరు తలకుమాసిన జింకను అంటగడుతుంటే నేను చూస్తూ ఊరుకుంటానా? రోజూ చెయ్యి కడుక్కుని పిల్ల చిగుళ్ళు తడిమాను. వేలికి గరుగ్గా తగిలిన రోజునే నా మందలోంచి నల్లమూతిని తాడు విసిరి పట్టి తెచ్చి ఇచ్చాను. ఈడులో ఉన్న ఆడది. దాని తల్లీ అమ్మమ్మా ఏ ఏడూ ఈనడం తప్పలేదు. దాని చెవికి మారెత్ గుర్తుగా గాటు పెట్టి వదిలాం.

ఆ పంటిజింక మీద చాలా ఆధారపడి ఉంది. నా కోడలు రవ్నాది సముద్రం వైపు. మా మనుషులే, మా భాషే. కాకపోతే వాళ్ళది పడవ, వల, కొట్టంలో కాసిని గొర్రెలు. అంతకుముందు ఏడు సరస్సు మీద మంచుపలక విరిగి నీలాస్ జింకలు చాలా మునిగిపోయాయి. అప్పటినుంచీ రవ్నా ఒకటే మాట.

"అత్తయ్యా, నాకు ఇక్కడ ఉండటం ఇష్టంలేక కాదు. పిల్లకి ఇక్కడ యోగం ఉందో లేదో చూస్తాను. నల్లమూతి వసంతంలో ఈనితే ఇక్కడే ఉంటాం. లేదంటే మా నాన్న పడవలో మనిషి కావాలి. నీలాస్ కూడా వస్తానన్నాడు."

జింకల యోగం అని మాలో ఒక నమ్మకం. కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. పంటిజింక మొదటి వసంతంలో ఈనకపోతే ఆ బిడ్డకు యోగం లేనట్టేనని పెద్దవాళ్ళు అంటారు. సముద్రం వైపు పిల్లకి ఈ మాట ఎవరు చెప్పారో, చెప్పిన నోరు పడిపోను!

రవ్నాకు చలికాలం పని నేర్పింది నేనే. మొదటి మంచు పడ్డ రోజుల్లో ఒకసారి మంద దగ్గర నిలబడి అడిగింది.

"అత్తయ్యా, నల్లమూతి వీపు మీద ఇంత మంచు పేరుకుపోయింది. పాపం, దులపనా?"

"దులిపావంటే చెయ్యి విరగ్గొడతా. అది కరగట్లేదు చూశావా? ఎందుకు కరగట్లేదు?"

"చలిగా ఉంది కాబట్టి."

"నీ మొహం. లోపల వేడి బయటికి రావట్లేదు కాబట్టి. దాని వెంట్రుక ఒక్కటి పీకి చూడు. లోపల బోలు, గొట్టంలాగా. అందులో గాలి ఉంటుంది. దానికింద మళ్ళీ మెత్తటి నూగు. ఒంట్లో వేడి ఒంట్లోనే ఉంటుంది. వీపు మీద మంచు నిలిచిందా, ఆ జింకకి ఢోకా లేదు. మంచు కరిగి బొచ్చు తడిసిందా, అప్పుడు ఏడు."

ఇంకోరోజు కాలి ఎముకలు ఉడకబెట్టి పెట్టాను. రవ్నా తొడ ఎముక కొట్టి మూలుగ తీస్తే వెన్నముద్దలా వచ్చింది. గిట్ట దగ్గరి ఎముక కొడితే నూనెలా కారింది.

"ఒకే కాలు కదా, ఇదేంటత్తయ్యా?"

"పైన ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, కింద కాలు మంచులో ఉంటుంది. కింద కూడా వెన్నే ఉంటే గడ్డకట్టి కాలు కర్రయిపోదూ? అందుకని కింద నూనె. కాళ్ళని కావాలనే చల్లగా ఉంచుకుంటుంది. వాటికి కూడా వేడి పంచుతూ కూర్చుంటే పొట్టకి ఏం మిగుల్తుంది?"

"అచ్చం ఈసాత్ బాబాయిలాగా" అంది రవ్నా. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. పిల్ల తెలివైనదే.

కొమ్ముల సంగతి చెప్పిందీ నేనే. ఎందుకు చెప్పానా అని తర్వాత నెత్తి కొట్టుకున్నాను. మగవాటి కొమ్ములు శీతాకాలం మొదట్లోనే రాలిపోతాయి. కడుపుతో ఉన్న ఆడది మాత్రం ఈనేదాకా కొమ్ము వదలదు. గిట్టతో మంచు తవ్వి కింద నేలనంటుకున్న నాచు తింటున్నప్పుడు ఇంకో జింక ఆ గుంట దగ్గరికి వస్తే కొమ్ముతో తరమాలి. కడుపులో ఇంకో ప్రాణం ఉంది మరి. గొడ్డుపోయినదైతే ముందే వదిలేస్తుంది.

ఆ ఏడు నడి చలికాలంలో వాన పడింది. మంచు పడాల్సిన రోజుల్లో వానేమిటి, దాని మొహం మండ! మర్నాడు మళ్ళీ గడ్డకట్టేసింది. మైదానమంతా అద్దం పరిచినట్టయింది. చలికాలానికి మా జింకల గిట్టల మెత్త లోపలికి ముడుచుకుని అంచులు పదునెక్కుతాయి. ఎంత లోతు మంచునైనా తవ్వేస్తాయి, కింద నాచు ఎక్కడుందో పైనుంచే వాసన పట్టేస్తాయి. కానీ గాజులాంటి మంచుగడ్డ ఉంటే వాసన పైకి రాదు, గిట్ట దిగదు. చలి వాటినేమీ చెయ్యలేదు. ఆకలే చంపుతుంది.

నల్లమూతి వెన్నెముక తేలింది. రవ్నా గోల భరించలేక దాన్ని ఇంటి దగ్గరికి తెచ్చి కట్టాం. చెట్లకు వేలాడే నల్లనాచు దూసి పెట్టమని చెప్పి, నేనూ నీలాస్ మందను గడ్డ పలచగా ఉన్న గుట్టల అవతలికి తోలుకుపోయాం.

మేము వెళ్ళిన మర్నాడు చలి బాగా ముదిరింది. ఉమ్మితే నేల మీద పడేలోగా గడ్డకట్టేంత చలి. ఆ మధ్యాహ్నం ఇంటికి తిరిగొచ్చేసరికి గుంజ దగ్గర నల్లమూతి లేదు. కట్టెల కొట్టు గొట్టంలోంచి పొగ వస్తోంది. తలుపు తీస్తే లోపల పొయ్యి రాజుతోంది. నల్లమూతి నిలబడి ఉంది. దాని వీపు మీద గొర్రెబొచ్చు రగ్గు, రవ్నా వాళ్ళమ్మ నేసి పెళ్ళికి పెట్టినది. ముందు ఎండుగడ్డి కుప్ప, వాన పడ్డాక వాళ్ళ నాన్న తన గొర్రెల మేతలోంచి పంపినది. నోరు బార్లా తెరిచి, నాలుక బయటికి వేలాడేసి, కుక్కలా రొప్పుతోంది. బయట అంత చలి, ఇక్కడ నా జింక ఉడికిపోతోంది.

"ఏమేవ్, ఇదేమన్నా గొర్రె అనుకున్నావే!" అని అరిచిన అరుపుకి ఇంట్లో పిల్ల లేచి ఏడ్చింది. రగ్గు లాగి అవతల పారేశాను. నీలాస్, నేను చెరో పక్కా పట్టి దాన్ని బయటికి ఈడ్చి మంచులో పడుకోబెట్టాం. రవ్నా తలుపు దగ్గరికి వచ్చింది.

"ఒణికిపోతోందనుకున్నాను అత్తయ్యా. చెట్ల మీద చేతికందే నాచు అయిపోయింది. మా ఇంట్లో ఇలాంటి చలికి గొర్రెని కొట్టంలో కట్టి, గడ్డి వేసి, కప్పితే..."

"దీనికి ఒంటి మీదే ఇల్లుందే! పీల్చిన గాలిని ముక్కులోనే వెచ్చబెట్టుకుని, వదిలేటప్పుడు ఆ వేడి మళ్ళీ ముక్కులోనే దాచుకునే జంతువిది. చెమట పట్టి వేడి దింపుకోవడం దానికి రాదు. పొయ్యి దగ్గర కడితే ఏమైపోవాలి?"

"చంపేశానా?" అంది. ఆ అడిగిన తీరుకి నా కోపం సగం చచ్చింది. పిల్ల ప్రేమకొద్దీ చేసింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న రగ్గు కప్పింది కదా, తన మీద కప్పుకోకుండా.

అంతలో మంచుబండి మోటారు చప్పుడు. ఈసాత్ వచ్చాడు. వాడికి మా ఇంటి కాఫీ వాసన ఎంత దూరాన్నుంచైనా తెలుస్తుంది. బండి దిగి, కుంటుకుంటూ వచ్చి, నల్లమూతి పొట్ట మీద చెయ్యి వేసి చూశాడు.

"గడ్డి ఎంత తింది?"

"చాలా తింది బాబాయ్" అంది రవ్నా.

"పస్తున్న కడుపు. నాచు తప్ప ఎరగనిది. గడ్డి అరగదు. కడుపు నిండా తిని ఆకలితో చస్తుంది" అన్నాడు. ఇంకో మాట లేదు. బండెక్కి వెళ్ళిపోయాడు.

"చూశావా, శకునాలు చెప్పి పోయాడు. నాలుగు నాచు పరకలు అడుగుతామని భయం" అని వాడి వెనక నోరు పారేసుకున్నాను.

పొద్దు వాలేలోగా వాడు తిరిగి వచ్చాడు. బండి వెనక ఒక సంచి. నిండా తెల్లనాచు, ఆకురాలే కాలంలో తానే ఏరి ఆరబెట్టుకున్నది. అలాంటి ఏడు ఆ సంచికి ఎవరూ ధర కట్టలేరు.

"సంచి మాత్రం తిరిగివ్వాలి" అన్నాడు, మా వాళ్ళ అలవాటు చొప్పున కాఫీలో ఎండుమాంసం ముక్కలు వేసుకుంటూ.

"ఇస్తాంలేరా, సంచి తిని అరాయించుకోలేం" అన్నాను.

గుప్పెడు గుప్పెడు తినిపించాం. కొన్నాళ్ళు దాని ప్రాణం ఊగిసలాడింది. తర్వాత ఒకరోజు ఉదయం మంచు పడుతుంటే రవ్నా బయటినుంచి కేక పెట్టింది.

"అత్తయ్యా, రండి! వీపు మీద నిలిచింది! కరగట్లేదు!"

అప్పటినుంచీ రోజూ లేవగానే పిల్లకు పాలివ్వకముందే వెళ్ళి నల్లమూతి వీపు చూసి వచ్చేది. నేనూ గండం గడిచిందనే అనుకున్నాను.

పొద్దు సాగి, మైదానం మీద ఎండ కళ్ళు చెదరగొట్టే రోజులొచ్చాయి. ఒక ఉదయం రవ్నా ఇంట్లోకి వచ్చి బల్ల మీద నల్లమూతి కొమ్ములు రెండూ పెట్టింది. ఈనడానికి ఇంకా చాలా రోజులుంది. మిగతా ఆడవన్నీ కొమ్ములతో తిరుగుతున్నాయి.

"నా వల్లే పోయింది కదా అత్తయ్యా, దాని కడుపు. ఆ పొయ్యి, ఆ గడ్డి."

"వాన వల్ల పోయిందే. ఆకలి వల్ల పోయింది. వచ్చే ఏడు ఈనుతుంది. పోనీ నా మందలో నీకు నచ్చినది తీసుకో, ఇప్పుడే చెవికి గుర్తు వేయిస్తా."

"వద్దత్తయ్యా. పంటిజింక ఒక్కటే ఉంటుంది. మీరు ఇచ్చేశారు. అది ఈననప్పుడల్లా ఇంకోటి ఇస్తూ పోతే అది పద్ధతి కాదు, ముష్టి. నా పిల్లకి ముష్టి వద్దు. యోగం లేదు, అంతే."

ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నీలాస్‌ వైపు చూస్తే వాడు వెచ్చదనానికి బూట్లలో కుక్కుకునే గడ్డి సర్దుకుంటూ తల ఎత్తలేదు. ఆ సాయంత్రమే రవ్నా రగ్గు మడిచి తాడుతో కట్టి గోడ పక్కన పెట్టింది. దాని మీద పిల్ల బట్టల మూట. నా మనవరాలు నడక ఇక్కడ కాదు, చేపల వాసన కొట్టే రేవులో నేర్చుకుంటుంది. ఏడాదికోసారి వేసవిలో చూసి, ఎంత ఎదిగావే అనుకోవాలి. ఆ మాట తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదని చూపించుకోను? వాన మీదా?

ఊళ్ళో ఎవరో చెప్పి ఉంటారు. వాళ్ళు బయల్దేరాల్సిన ముందురోజు ఈసాత్ వచ్చాడు. బండి మీద కాదు. నడిచి, కుంటుకుంటూ, చేతిలో పలుపు పట్టుకుని. పలుపు చివర తెల్లనడుముది ఉంది.

తెల్లనడుముది అంటే వాడి మందకు ముందు నడిచే జింక. మందలో గంట ఉండేది దాని మెడలోనే. అది ఏ సరస్సు మీద అడుగు పెడితే మందంతా అక్కడ అడుగు పెడుతుంది. దానికోసం ఎంతమంది వాడి చుట్టూ తిరిగారో, ఎవరికీ ఇవ్వలేదు. తల మీద కొమ్ములు నిండుగా ఉన్నాయి. పొట్ట పక్కలకు దిగి ఉంది. వాడు దాన్ని గుంజకు కట్టి, లోపలికి వచ్చి, టోపీ తీసి కూర్చున్నాడు. నేను కాఫీ పోశాను. ముట్టుకోలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"అక్కా, నేనొక మాట దాచాను."

"ఒక్కటేనా?"

"నవ్వులాట కాదు. అమ్మాయ్ రవ్నా, నువ్వూ ఇటు రా. మారెత్ మొదటి పన్ను ముందు చూసింది మీ అత్తయ్య కాదు. నేను."

రవ్నా పిల్లను ఎత్తుకుని దగ్గరికొచ్చింది. "మీరా? ఎప్పుడు బాబాయ్?"

"వేసవిలో. ఆడిస్తుంటే నా వేలు కొరికింది. ఇదిగో, ఈ వేలే. ఇవ్వాల్సి వస్తుందని ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాను. తర్వాత మీ అత్తయ్య చూశానని సంబరపడితే బతికిపోయాననుకున్నాను. అప్పటినుంచీ మనసులో ముల్లులా ఉంది. పిల్ల సొత్తు నా మందలో తిరుగుతోంది. తెచ్చేశాను. నల్లమూతి మీ అత్తయ్య ముచ్చటపడి ఇచ్చినది, అంతే. పంటిజింక ఇది."

నేను వాడి మొహంలోకి చూశాను. వేసవంతా వాడి కాలు కట్టు కట్టి ఆస్పత్రి మంచానికి వేలాడుతోంది. మారెత్ సముద్రం ఒడ్డున నా ఒళ్ళో ఉంది. రవ్నాకు ఆ లెక్క గుర్తుందో లేదో నాకు తెలియదు. వాడు నన్ను చూడకుండా కిటికీలోంచి వాతావరణం చూస్తున్నాడు, ఎవరో పిల్ల ఆవలించినట్టు.

నా నోరు ఊరికే ఉండే నోరు కాదని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. తెరిచాను కూడా. నోటిదాకా వచ్చిన నిజాన్ని మింగేసి, శక్తికొద్దీ అరిచాను.

"ఒరేయ్ పిసినారి సన్నాసీ! ఇన్నాళ్ళూ నా మనవరాలి సొమ్ము దాచుకున్నావట్రా! నా చేత నల్లమూతిని ఇప్పించి చోద్యం చూస్తావా! మన అమ్మ ఉంటే నీ చెవికి గాటు పెట్టేది!"

"తప్పయిపోయిందక్కా" అన్నాడు తల వంచుకుని.

రవ్నా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. చాలాసేపు చూసింది. "అయితే నల్లమూతి పంటిజింక కానే కాదన్నమాట" అంది మెల్లగా.

"ఎలా అవుతుందే, ముందు చూసినవాడు ఇక్కడ దొంగలా కూర్చుంటే?" అన్నాను.

పిల్లను నా ఒళ్ళో పడేసి బయటికి వెళ్ళింది. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. సన్నగా మంచు పడుతోంది. తెల్లనడుముది కదలకుండా నిలబడింది. రవ్నా చేతికి తొడుగు తీసేసి దాని వీపు మీద అరచెయ్యి ఆనించింది. కొమ్ములు తడిమింది, పొట్ట తడిమింది. మెడ మీద మొహం పెట్టి నిలబడిపోయింది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందని తెలిసింది. ఏడవనీ అనుకున్నాను.

"కాలు ఎలా ఉందిరా?" అన్నాను ఈసాత్‌తో.

"ఏ కాలు?" అన్నాడు వాడు, కాఫీ అందుకుంటూ.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. "కరగట్లేదత్తయ్యా" అంది రవ్నా కళ్ళు తుడుచుకుంటూ. అని, గోడ పక్కనున్న రగ్గు తాడు విప్పి నేల మీద పరిచి, నా ఒళ్ళోంచి మారెత్‌ను తీసుకుని దాని మీద కూర్చోబెట్టింది.

ఈసాత్ వెళ్ళేటప్పుడు ఖాళీ నాచుసంచి అడిగి తీసుకున్నాడు. నల్లమూతి రాల్చిన కొమ్ములు కూడా అడిగాడు, కత్తిపిడులకు పనికొస్తాయని. ఇచ్చాను. ఇప్పటికీ ఎవరైనా వాడిని పిసినారి అంటే అవునవునంటాను, అందరికంటే గట్టిగా అంటాను. అనకపోతే రవ్నాకు అనుమానం వస్తుంది.